బట్ట వెనక వైపు చూడండి: తోటి విద్యార్థుల ఎగ్జిబిషన్‌లో ఐడియా పట్టుకోవడం ఎలా

క్లాసులో మన పక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్నమొన్నటి దాకా మన కత్తెరే అడిగి పుచ్చుకున్న అమ్మాయి, గోడ నిండా ఒక బట్ట వేలాడదీసి దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటే మనకి ముందుగా వచ్చేది స్ఫూర్తి కాదు, కడుపుమంట. రానివ్వండి. దాన్ని లోపలే దాచేసుకుని, "సూపర్" అని ఒక మాట అనేసి, ఫొటో తీసుకుని ముందుకెళ్ళిపోయేవాళ్ళకి ఆ ఎగ్జిబిషన్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఏ బట్ట దగ్గర కడుపు మండిందో అక్కడే ఆగాలి, ఎందుకంటే మనం చేద్దామనుకుని ధైర్యం చాలకో ఓపిక చాలకో వదిలేసిన పని సాధారణంగా అక్కడే వేలాడుతూ ఉంటుంది.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాలేజీలో ఆ రెండూ కలిసిపోయిన ఇంగ్లీషు. అమ్మ బ్లౌజులు కుడుతుంది. నేను టెక్స్‌టైల్ ఆర్ట్ చదివాను, ఇప్పుడు ఏటా జూనియర్ల ఎగ్జిబిషన్‌కి వెళ్తుంటాను, వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు పక్కకి లాగి అడిగేది ఒకటే: "అక్కా, అందరివీ చూశాక నా బుర్ర ఇంకా ఖాళీ అయిపోయింది, ఏం చేయను?" దానికి జవాబు ఇది. కాస్త పొడుగు జవాబే.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. రెండో ఏడాది ఎగ్జిబిషన్‌లో రాయగడ వైపు నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఆరడుగుల ఇకత్ బట్ట పెట్టింది. ఇకత్ అంటే నేయక ముందే దారాలకి కట్లు కట్టి రంగులు అద్ది నేసే బట్ట, ఆ పనిని మనవాళ్ళు చిటికి కట్టడం అంటారు, ఒడియాలో బాంధ. ముదురు ఎరుపు, కాఫీ గింజ రంగు, మధ్యలో గంజి తెలుపు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పది రోజుల్లో అవే మూడు రంగులు పట్టుకుని, ఆ చారలే కాస్త అటూ ఇటూ మార్చి నేనూ ఒకటి నేసి తీసుకెళ్ళాను. మా మేడమ్ దాన్ని నిమిషం సేపు చూసి, "ఇది ఆ గోడ మీద ఉందిగా, మళ్ళీ ఎందుకు?" అని పక్కన పెట్టేశారు. కోపం వచ్చింది గానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను తెచ్చుకున్నది రంగులు మాత్రమే. ఆ బట్టలో అసలు సరుకు రంగులు కాదని తెలియడానికి నాకు ఇంకో నెల పట్టింది, ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

హాల్లోకి వెళ్ళగానే ఫోన్ సంచిలో పడేయండి. మొదటి చుట్టు ఉత్త చేతులతో, గబగబా. ఏ బట్ట ఎవరిదో పేర్లు కూడా చదవకండి, చదివితే స్నేహితుల బట్టలు బాగున్నట్టు, పడనివాళ్ళవి బాలేనట్టు కనిపిస్తాయి, అందరం మనుషులమే. రెండో చుట్టులో రెండే రెండు బట్టలు ఎంచుకోండి: ఒకటి కడుపుమంట తెప్పించినది, ఇంకొకటి అస్సలు నచ్చనిది. నచ్చనిదెందుకంటారా, నచ్చినదాన్ని చూసేటప్పుడు మన కళ్ళు మెత్తబడిపోతాయి, అంతా బాగుందనిపిస్తుంది. నచ్చనిదాని ముందు నిలబడితే "ఇక్కడ నేనైతే ఏం చేద్దును" అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది. నా అనుభవంలో మంచి ఐడియాల్లో సగం అలాంటి బట్టల దగ్గరే దొరికాయి.

ఆ రెండింటినీ పదడుగుల దూరం నుంచి ఒకసారి, జానెడు దూరం నుంచి ఒకసారి చూడండి. దూరం నుంచి అద్భుతంగా ఉండి దగ్గరికొస్తే ఏమీ లేని బట్టని నేను పెద్దగా పట్టించుకోను, ఆ పని కాగితం మీద రంగులు వేసినా అయిపోతుంది, దానికి దారం ఎందుకు? ఆ తర్వాత నోట్‌బుక్ తీసి బొమ్మ గీయండి. బొమ్మ గీయడం రాకపోయినా పర్లేదు, నాదీ కాకి గీతలే. ఫొటో తీస్తే చార ఉందని తెలుస్తుంది, గీస్తే ఎన్ని చారలో, ఏ చార దగ్గర అంతరం పెరిగిందో, అంచుకి ఎంత దూరంలో ఆగిందో లెక్కపెట్టి తీరాల్సి వస్తుంది. పైగా ఫోన్ ఫొటోలో ఎరుపు ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పక్కన ఆ బట్ట తాలూకు మనిషిని పిలిచి, ముట్టుకోవచ్చా అని అడిగి (అడక్కుండా ముట్టుకోవద్దు, చేతి చెమట మరక పడితే పోదు), అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూడండి.

బట్టలో బొమ్మ పుట్టే వేళలు మూడున్నాయి, వెనక వైపు చూస్తే అది ఏ వేళ పుట్టిందో తెలిసిపోతుంది. ఇకత్‌లో బొమ్మ నూలు దగ్గరే పుడుతుంది, మగ్గం ఎక్కక ముందే దారాల్ని కట్టలు కట్టి, రంగు తగలకూడని చోట బిగించి, ముంచి తీస్తారు కాబట్టి రంగు దారంలోనే ఉంటుంది, ముందూ వెనకా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, బొమ్మ అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి. బొమ్కాయి చీర కొంగు తిప్పి చూడండి, అది మన గంజాం జిల్లా ఊరి పేరే, అక్కడ బొమ్మ మగ్గం మీద పుడుతుంది, మామూలు పేకకి (అడ్డదారానికి) తోడు ఇంకో పేక ఎక్కించి నేస్తారు, అందుకే వెనక వైపు దారాలు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దాటిపోతూ కనిపిస్తాయి. ఇక ఒడిశా నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కొంధ్ గిరిజన ఆడవాళ్ళు సూదితో కుట్టే కప్డాగండా శాలువాలో బొమ్మ పుట్టేది బట్ట పూర్తయ్యాక. ఆ కొండల్నే త్రికోణాలుగా, గీతలుగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుడతారు, 2024లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) కూడా వచ్చింది. ప్రింటు, అప్లిక్ (బట్ట ముక్కలు కత్తిరించి పైన కుట్టడం) కూడా ఈ మూడో రకమే.

ఇదంతా మొదటి ఏడాది పాఠమే కదా అనుకోవద్దు, పాఠంగా అందరికీ వచ్చు, ఎగ్జిబిషన్‌లో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మీకు నచ్చిన బట్టలో నిర్ణయం ఏ వేళ జరిగిందో పట్టుకున్నారంటే, ఆ నిర్ణయాన్ని మీరు ఇంకో వేళకి జరపొచ్చు. వాళ్ళు నూలు దగ్గర చేసింది మీరు సూది దగ్గర చేస్తే ఎలా ఉంటుంది? వాళ్ళు ప్రింటు చేసింది మీరు పడుగులోనే (మగ్గం మీది నిలువు దారాల్లోనే) చేయాలంటే ఏమేమి వదులుకోవాలి? ఇలా జరిపినప్పుడు ఆ బొమ్మ ఎలాగూ మిగలదు, మిగిలేది దాని వెనకున్న ఆలోచన. నేను రంగులు కాపీ కొట్టిన రోజు ఈ పని చేసి ఉంటే మేడమ్ చేత ఆ మాట పడేదాన్ని కాదు.

వెనక వైపు ఇంకా చాలా ఉంటాయి. ముడులు, మధ్యలో దారం అయిపోయి రంగు కొంచెం తేడాగా ఉన్న కొత్త దారం అతికిన చోటు, కుట్టి విప్పేసిన రంధ్రాలు. ఒక్కోసారి ముందు వైపు కన్నా ఇదే బాగుంటుంది, నిజంగా. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే కాబట్టి మనకి భాష ఇబ్బంది లేదు, వీలైతే ఒక పూట వెళ్ళి కూర్చోండి, అక్కడ పెద్దవాళ్ళు కొత్త బట్ట చేతికిస్తే ముందు తిరగేసి చూస్తారు, ఆ తర్వాతే మాట్లాడతారు.

అడిగే ప్రశ్నల విషయానికొస్తే, "నీకు ఈ ఐడియా ఎలా వచ్చింది?" అని మాత్రం అడక్కండి. దానికి అందరి దగ్గరా బట్టీ పట్టిన జవాబు ఉంటుంది, ప్రకృతి, బాల్యం, అమ్మమ్మ. "ఎక్కడ తేడా కొట్టింది?" అని అడగండి. "ఏది తీసేశావు?" అని అడగండి. అదీ వాళ్ళ భాషలో. ఒడియా అమ్మాయిని ఇంగ్లీషులో అడిగితే కాన్సెప్ట్ చెప్తుంది, ఒడియాలో అడిగితే జరిగింది చెప్తుంది. మీ ఒడియా వంకరగా ఉన్నా నవ్వుతారు, అంతే, ఆ నవ్వుతోనే సగం మొహమాటం పోతుంది. పక్కవాళ్ళ భాష నేర్చుకోవడం మా ఊరికి కొత్తేమీ కాదు, గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే కదా చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు దాకా తీసుకెళ్ళారు.

నేను ఆ రాయగడ అమ్మాయిని అడగడానికి నెల పట్టిందన్నాను కదా. అడిగితే ఏం చెప్పిందో తెలుసా, చిటికి కట్టేటప్పుడు లెక్క తప్పిందట. ఒక కట్టలో దారాలు ఎక్కువ పడ్డాయి, మగ్గం ఎక్కించాక చూస్తే చారలన్నీ ఒక పక్కకి జారిపోయాయి, విప్పి మళ్ళీ కట్టడానికి టైమ్ లేదు, టెన్షన్‌తో రెండు రోజులు అన్నం సహించలేదట. మూడో రోజు, జారినదాన్ని దాచడం మానేసి ప్రతి చారనీ ముందు చార కన్నా ఇంకొంచెం జరుపుకుంటూ పోయింది. నేను నిద్ర మానుకుని చూసిన అందమంతా ఆ జారుడే. నేనేమో రంగులు తెచ్చుకుని చారల్ని స్కేలు పెట్టినట్టు తిన్నగా నేశాను!

ఆ మాట పట్టుకుని సెలవులకి ఇంటికొచ్చాను. అమ్మ దగ్గరికి ఒకావిడ పాత బ్లౌజు తెచ్చి "పక్కన రెండో కుట్టు విప్పమ్మా, పట్టడం లేదు" అంటోంది. అందరికీ తెలిసినదే, బ్లౌజు పక్కల్లో రెండు మూడు వరసల కుట్లు వేసి లోపల బట్ట వదులుతారు, మనిషి ఒళ్ళు చేసినకొద్దీ ఒక్కో కుట్టూ విప్పుతారు. అమ్మ ఆ కుట్టు విప్పగానే కింద ఒక సన్నటి పట్టీ బయటపడింది, వెలిసిపోని రంగు, కొన్ననాటి రంగు, దాని పక్కన సూది రంధ్రాల వరస. పక్క గుడ్డంతా ఉతికి ఉతికి పాలిపోయింది. ఆ పట్టీ వెడల్పు వేలెడు కూడా లేదు. ఆవిడ పెళ్ళి నాటి నుంచి ఇప్పటి దాకా లెక్క మొత్తం అందులోనే ఉంది.

ఆ ఏడాది నేను పెట్టినది అదే. వీధిలో అందరి దగ్గరా ఇక వేసుకోని బ్లౌజులు అడిగి తెచ్చి, పక్క కుట్లు విప్పి, ఆ వెలవని పట్టీలన్నీ బయటికి కనిపించేలా పరిచి ఒకదానికొకటి అతికాను. "ఊళ్ళో వాళ్ళ పాత జాకెట్లు గోడకి తగిలిస్తావా, నాకు తలవంపులు" అని అమ్మ వారం రోజులు గొడవ చేసింది, తర్వాత తనే ఏ కుట్టు ఎప్పటిదో చెప్తూ పక్కన కూర్చుంది. ఎగ్జిబిషన్‌లో ఎవరూ దాన్ని ఆ ఇకత్ బట్టతో పోల్చలేదు. కానీ అది పుట్టింది అక్కడే, తప్పిన చోటే బొమ్మ అవుతుందన్న సంగతి నాకు ఆ అమ్మాయి దగ్గరే దొరికింది. లేబుల్ మీద ఆ అమ్మాయి పేరు రాశాను, చదివి ఏడ్చింది, అది వేరే కథ.

మీరు ఇంటికెళ్ళాక చేయాల్సింది పెద్దదేమీ కాదు. మూడు రోజుల లోపు, అరచేయంత ముక్క ఒకటి చేయండి. ఇంట్లో ఉన్న దారం, ఇంట్లో ఉన్న బట్ట. దుకాణానికి వెళ్ళి కొనుక్కురావడం మొదలుపెట్టారంటే అక్కడ మళ్ళీ ఆ ఫ్రెండ్ వాడిన దారమే కొంటారు, నాకు తెలుసు. ఆ ముక్కలో సైజు మారాలి, లేదా వస్తువు మారాలి, లేదా పైన చెప్పిన వేళ మారాలి. వారం దాటితే చూసినది చల్లారిపోతుంది, నోట్‌బుక్‌లో గీసుకున్న గీతలు కూడా ఎవరివో అనిపిస్తాయి.

తోటివాళ్ళని చూసి నేర్చుకోవడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక సంగతి. జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ స్కూల్లో ఆడపిల్లల్ని ఎక్కువగా నేత విభాగంలోకి తోసేవారు, అక్కడేమో నేర్పేవాళ్ళ కన్నా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసి నేర్చుకున్నదే ఎక్కువ. గుంటా ష్టోల్జ్ల్, బెనిటా ఒట్టె అనే ఇద్దరు విద్యార్థినులు 1922లో క్రేఫెల్డ్ వెళ్ళి అద్దకం కోర్సు చేసి వచ్చి, స్కూల్లో మూతబడిన రంగుల గదిని మళ్ళీ తెరిచారు, ఆ తర్వాత అందరూ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. ఇష్టం లేకుండానే ఆ విభాగంలోకి వచ్చిన ఆనీ ఆల్బర్స్ 1930లో డిప్లొమా కోసం ఒక హాలు గోడకి నేసిన బట్టలో ముందు వైపు సెలోఫేన్ వెలుతురుని తిప్పికొడుతుంది, వెనక వైపు చప్పుడుని పీల్చుకుంటుంది. చూశారా, మళ్ళీ వెనక వైపే.

రంగుల గురించి ఒక మాట, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పడిపోయేది అక్కడే. ఒడిశా కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్ బట్ట ఎరుపు చూసి ఎవరైనా పడిపోతారు, 2005లోనే జీఐ గుర్తింపు వచ్చిన బట్ట అది. దాన్ని కెమికల్ రంగుతో సాయంత్రానికల్లా తెచ్చేయొచ్చు, కానీ అక్కడ తొగరు చెట్టు వేరు బెరడుతో రంగు తీయడానికి ముందు నూలుని ఆముదం, పేడ, బూడిద నీళ్ళు పట్టించి నానబెట్టి ఆరబెట్టడానికే రోజులు రోజులు పడుతుంది, నల్లటి ఛాయ కావాలంటే అన్నభేది కలుపుతారు. ఒక జూనియర్ కుర్రాడు ఆ పద్ధతి నేర్చుకోవడానికి వెళ్ళొచ్చి, బట్టేమీ నేయకుండా రోజుకో నూలు చిలప చొప్పున తేదీ చీటీ కట్టి వరసగా వేలాడదీశాడు, జిడ్డు తెలుపు నుంచి ముదురు ఎరుపు దాకా. దాన్ని చూసి మిగతావాళ్ళంతా ఎరుపు తెచ్చుకున్నారు. ఒక్క అమ్మాయి మాత్రం తేదీ చీటీలు తెచ్చుకుంది: వాళ్ళ నాన్న లుంగీ నుంచి నెలకో చిన్న ముక్క కత్తిరించి ఏడాది పాటు దాచి కుట్టింది. (నాన్నకి చెప్పే చేసిందట, లేకపోతే ఇల్లు రణరంగమే.)

ఒక జాగ్రత్త. మీ ఫ్రెండ్ చేసిన దాంట్లో కొంత మీ ఫ్రెండ్‌దే కాకపోవచ్చు. మా వైపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు సవర బొమ్మల్ని చున్నీ మీద ప్రింటు చేసి పెడతారు. ఆ బొమ్మల్ని ఇడితాల్ అంటారు, అవి గోడకి అలంకారం కాదు, ఇంట్లో కష్టమో పండగో వచ్చినప్పుడు పెద్దల ఆత్మల కోసం, దేవతల కోసం వేసేవి. వాటిని ఆ చున్నీ మీద చూసి మీరు ఇంకో చున్నీ మీద ఎక్కించారంటే, కాపీకి కాపీ, అసలు అర్థం రెండుసార్లు పోయినట్టు. ఈ సారి అదే బొమ్మల్ని ఒకతను వేరేలా వాడాడు. ఇడితాల్‌లో చుట్టూ అంచు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు కదా, అతను మనుషుల బొమ్మలేమీ తీసుకోకుండా ఆ వరస ఒక్కటే తీసుకుని, మెత్త గలీబుని నాలుగు అంచుల నుంచి మధ్యకి కుట్టుకుంటూ వచ్చి, మధ్యలో తల ఆనే చోటు ఖాళీగా వదిలేశాడు. లేబుల్ మీద ఆ పద్ధతి ఎవరిదో, ఏ ఊళ్ళో చూశాడో రాశాడు. నాకు ఆ హాల్లో అన్నిటికన్నా నచ్చినది అదే.

కాపీ అయిందా లేదా అని అనుమానమొస్తే దానికి పెద్ద చర్చలు అక్కర్లేదు. మీ ముక్క పట్టుకెళ్ళి, ఏం చెప్పకుండా, ఆ ఫ్రెండ్ చేతిలోనే పెట్టండి. "ఇది నాదేగా" అనే చూపు వస్తే మళ్ళీ మొదటికి రండి. "ఇదెలా చేశావ్?" అని తిప్పి వెనక చూసిందంటే మీ పని అయినట్టే.

చివరగా ఎవరూ చేయని పని ఒకటుంది, ఎగ్జిబిషన్ దింపే రోజు వెళ్ళండి. ప్రారంభం రోజు జనం, ఫొటోలు, ముఖ్య అతిథి, ఏమీ చూడలేం. దింపే రోజు సాయంత్రం అందరూ అలిసిపోయి ఉంటారు, సాయం చేసేవాళ్ళు దొరకరు. చిన్న కత్తెర, స్క్రూడ్రైవర్, పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళండి. నిచ్చెన కింద నిలబడి బట్టలు అందుకుంటుంటే ప్రతి దాని వెనకా మీ చేతుల్లోకే వస్తుంది, కర్రకి ఎలా తగిలించారో, బరువుకి ఏ మూల సాగిందో, ఏది టేపుతో అతికించి నెట్టుకొచ్చారో. ఆ టైమ్‌లో ఎవరికీ దాచుకునే ఓపిక ఉండదు, అడిగినవన్నీ చెప్పేస్తారు. టీలు మాత్రం మీరే తెప్పించండి.